మలుపున నవ్వించు పలుకు

హితోపదేశము మూడు విధములని మన ఆలంకారికులు ఏనాడో నిర్ణయించిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము ప్రియురాలివలె మనస్సును రంజింపజేసి, తాను కోరిన త్రోవకు మనలను మళ్లించుకొనును. వీనినే వరుసగా ప్రభుసమ్మితము, మిత్రసమ్మితము, కాంతాసమ్మితము అందురు. మమ్మటుడు కావ్యప్రకాశమున ఈ విభాగమును చేసెను. ఓరుగంటి ఆస్థానమున విద్యానాథుడును తన ప్రతాపరుద్రీయమున దీనినే చెప్పెను. ఆ మహనీయుల కాలమున మోటారు బండ్లు లేవు, రహదారి ఫలకములు లేవు. అయినను, స్టీరింగు చేతబట్టి దేశమున పలు దారులు తిరిగిన పిదప, ఆ మూడు విధములకును దారి ప్రక్కన నాటిన బోర్డులకంటె చక్కని ఉదాహరణములు నాకు మరెక్కడను కనబడలేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణముల ననుసరించి నిలిపిన చిహ్నములలో గుండ్రనివి ఆజ్ఞాపించును, త్రికోణములు హెచ్చరించును, దీర్ఘచతురస్రములు సమాచారము నిచ్చును. ఎర్రని వలయములో వ్రాసిన వేగపరిమితి ప్రభుసమ్మితము. అది కారణము చెప్పదు, ధిక్కరించినవానికి చలానా పంపును. ఊరి పొలిమేరలలో కనబడు 'వేగం కన్నా ప్రాణం మిన్న', 'నిదానమే ప్రధానం' అను మాటలు మిత్రసమ్మితములు. వాటిలో హితైషి కంఠస్వరమున్నది, కాని వేయిసార్లు విన్న హితమునకు చెవి మొద్దుబారుట మానవస్వభావము. ఇక మూడవదియైన కాంతాసమ్మితమును చూడగోరువారు హిమాలయములకు పోవలెను.

1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థకు లదాఖ్‌లో 'హిమాంక్' అను విభాగము 1985 నుండి కలదు. ఏడాదిలో కొన్ని నెలలు మంచుక్రింద మూతపడు దారులను త్రవ్వి తీసి, కొండచరియలు విరిగిపడినచోట మరల నిర్మించి, ప్రాణవాయువు పలుచబడిన ఎత్తులలో పనిచేయు ఈ సంస్థవారు, మైలురాళ్ల నడుమ పసుపుపచ్చని ఫలకములు నిలిపి, వాటిపై ఆంగ్లమున చమత్కారములు వ్రాయించినారు. ఒకటి బాటసారిని 'డార్లింగ్' అని సంబోధించి, నీవనిన నాకిష్టమే గాని ఇంత వేగము తగదనును. మరియొకటి, నా వంపులయెడ మృదువుగా మెలగుమని వేడుకొనును. 'ఆఫ్టర్ విస్కీ, డ్రైవింగ్ రిస్కీ' అని అంత్యప్రాసతో మందలించునది ఒకటి. 'మిస్టర్ లేట్' అగుట 'లేట్ మిస్టర్' అగుటకంటె మేలని, మాటల క్రమము మార్చి మృత్యువునే శ్లేషలో బంధించునది ఇంకొకటి. ఈ చివరిదానిలో చమత్కారమంతయు రెండే పదములది. క్రమము తారుమారైనంతనే, ఆలస్యముగా వచ్చినవాడు దివంగతుడగుచున్నాడు. ఇంత క్లుప్తమైన జీవితబోధ ఇంత సులభముగా నవ్వించుట గొప్ప శిల్పము.

మనాలీ నుండి లేహ్‌కు పోవు దారిలో గాటా లూప్స్ అనుచోట ఇరువదియొక్క మలుపులు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. అట్టి దారిలో నేను గమనించినదేమనగా, ఒక్కొక్క ఫలకము కనబడగనే ప్రక్కనున్నవారు దానిని పైకి చదువుదురు, వెనుకనున్నవారు నవ్వుదురు, నవ్వుతోపాటు నడుపువాని భుజములు సడలును, పాదము యాక్సిలరేటరుపై తేలికపడును. గంటలకొలది రాయి, దుమ్ము, లోయ తప్ప మరేమియు కనబడని దారిలో మనస్సు మగతకు లోనగును. ఆ మగతను ఆజ్ఞ చెదరగొట్టలేదు, నవ్వు చెదరగొట్టును. వేగముగా పోవువానికి తాను వేగముగా పోవుచున్నానని తెలియకపోదు. తెలిసినదానినే మరల చెప్పినవానిమీద అతనికి కలుగునది విసుగే. నవ్వించినవానిపై విసుగు కలుగదు. ఉపదేశమునకు అడ్డముగా నిలుచు అహంకారము నవ్విన క్షణమున ప్రక్కకు తొలగును. ఆ సందులో మాట లోనికి ప్రవేశించును.

ఇంకొక సంగతి. ఈ ఫలకములను నిలిపిన సంస్థవారు, ఆ దారులకు తారు పోసిన ఝార్ఖండ్, బీహారు కూలీలు, లోయ ఎంత లోతో ఎరిగినవారు. చావు ఎరుగనివాని హాస్యము తేలికగా నుండును. చావును దినదినము చూచుచున్నవాని హాస్యములో కరుణ నిండియుండును. అందువలననే ఆ మాటలు కొండదారిలో అంత నిండుగా వినబడును.

మన బండ్లకును ఈ రసము క్రొత్తది కాదు. లారీ వెనుక రంగులతో వ్రాయించిన 'సౌండ్ హారన్', దాని పైన 'అమ్మానాన్నల దీవెన', ఆటో వెనుక దిష్టికి విరుగుడుగా 'నన్ను చూసి ఏడవకురా' – ఇవి మన దారులలో అందరును చదివినవే. డ్రైవర్ల వాడుకలో బండి పెట్రోలు తాగును, ఎత్తువద్ద మొరాయించును, ఇంజను దగ్గును. ఇంటికి దూరముగా రాత్రులు గడపువాడు తన బండికి ప్రాణము పోసి, దానితో పరిహాసమాడి, ఒంటరితనమును జయించుచున్నాడు. హాస్యము అతనికి వినోదముకాదు, తోడు.

అయితే దేనికైనను తగిన చోటు కలదు. గంటకు ఇరువదియైదు కిలోమీటర్ల వేగమున కొండయెక్కు బండి సెకనుకు ఏడు మీటర్లు పోవును. ఎనుబది కిలోమీటర్ల వేగమున జాతీయ రహదారిపై పోవునది సెకనుకు ఇరువదిరెండు మీటర్లు పోవును. మొదటివానికి ఒక వాక్యము చదువు తీరిక కలదు, రెండవవానికి లేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున రహదారులపై ఆ యేటి రోడ్డు మరణముల సంఖ్యను విద్యుత్ ఫలకములపై చూపినపుడు, ఆ తరువాతి పది కిలోమీటర్లలో ప్రమాదములు తగ్గుటకు మారుగా 4.5 శాతము పెరిగినవని 2022లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన తెల్పినది. భయపెట్టు మాటయు దృష్టిని దారి నుండి మరల్చునన్నమాట. 2023 డిసెంబరులో ఆ దేశపు సమాఖ్య రహదారి శాఖ తన నియమావళిలో, విద్యుత్ ఫలకములపై హాస్యోక్తులను వాడకుండుట మేలని సూచించెను. మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో వాణిజ్య వాహనములపై 'హారన్ ఓకే ప్లీజ్' అను వ్రాతను, అకారణముగా హారన్ మ్రోగించుటకు ప్రేరేపించునని నిషేధించెను. ఇవన్నియు ఆలోచింపదగినవి. గుండ్రని ఆజ్ఞాచిహ్నము నవ్వరాదు. వేగరహదారిపై మాట పొడుగుకారాదు. హాస్యము ఎవరినీ కించపరుపరాదు: వ్యర్థప్రసంగములు మాని అతనిని బండి నడపనిమ్మని ప్రక్కనున్న స్త్రీకి బుద్ధి చెప్పు హిమాలయ ఫలకమొకటి కలదు, బండి నడపువాడు పురుషుడే యనియు, వదరునది స్త్రీయే యనియు తలచు ఆ మాట నిలుపదగినది కాదు.

ఈ హద్దులను పాటించినయెడల, మన ఘాట్ రోడ్లకు ఈ విద్య మిగుల అవసరము. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రహదారి రవాణా శాఖ ప్రకటించెను. అందు పదింట ఏడు మరణములకు అతివేగమే కారణము. శ్రీశైలము, అరకు, మారేడుమిల్లి మలుపులలో తెలుగు పలుకు తెలుగువానితో తెలుగు తీరున మాటలాడవలెను. అనువాదము చేసిన విస్కీ-రిస్కీ మనకు వలదు. చాటువులు చెప్పిన జాతి మనది. బావామరదళ్ల సరసము, వదినామరదళ్ల పరిహాసము మన యింట పుట్టినవే. 'బావా, మలుపుంది, మెల్లగా రా' అని ఒక వంకవద్ద, 'వదినా, ముందు బడి ఉంది' అని ఒక పల్లెవద్ద వ్రాసినచో, అవి చదువుటకు రెండు క్షణములు చాలును. ఆ సంబోధనలోనే నవ్వున్నది, చనువున్నది, ఇంటివారి ఆరాటమున్నది. కాంతాసమ్మితమనగా ఇదియే.

కావున ఉభయ తెలుగు రాష్ట్రముల రహదారుల శాఖలకు నా విన్నపము: ఘాట్ రోడ్డు ఫలకములపై వ్రాతను గుత్తేదారునికి వదలక, కవులను, బడిపిల్లలను, మీ సొంత డ్రైవర్లను అడిగి వ్రాయించుడు, నాలుగు మాటలకు మించనీయకుడు. పాఠకులకు నా మనవి: అట్టి ఫలకము ఎదురైనపుడు నవ్వుడు, నవ్వి మరువక పాదము కొంచెము పైకెత్తుడు.