బాటసారి మజిలీ, గృహస్థు గడప

రైళ్లు ఆగడం మానేసిన స్టేషను భవనానికి సాధారణంగా మూడు గతులు సంభవిస్తాయి: కూల్చివేత, క్రమంగా శిథిలం కావడం, లేదా మరొక ప్రయోజనానికి మారడం. ఈ మూడవ మార్గంలో ప్రదర్శనశాలలకు లభించిన కీర్తి నివాస గృహాలకు లభించలేదు. ప్యారిస్ నగరంలో 1900లో ప్రారంభమైన ఓర్సే స్టేషను 1986లో కళాప్రదర్శనశాలగా తెరుచుకున్నప్పుడు ప్రపంచమంతా ప్రశంసించింది. ఒక పల్లె స్టేషనులో ఒక కుటుంబం కాపురం పెడితే మాత్రం అది ఆ ఇంటివారి సొంత వ్యవహారంగానే మిగిలిపోతుంది. కాని పరిరక్షణ దృష్టితో పరిశీలిస్తే రెండవదే మరింత క్లిష్టమైన సమస్య. అందరి కోసం కట్టిన కట్టడం ఒక కుటుంబానికి ఇల్లు కావాలంటే, అందులో ఏది మారవచ్చు, ఏది మారరాదు?

ఢిల్లీ నగరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. రైలు రాకకు శతాబ్దాల ముందే ఇక్కడ మజిలీలు వెలిశాయి, తరువాత ఇళ్లయ్యాయి. దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్, కటవారియా సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ వంటి పేర్లు అడుగడుగునా వినిపిస్తాయి. పారసీక భాషలో సరాయి అంటే నివాసం, భవనం అని అర్థం. వర్తకుల బిడారులు విడిది చేసే చోటికి ఆ పేరు స్థిరపడింది. అంటే బాటసారి మజిలీలో ఇల్లు అనే భావం తొలినుంచీ ఇమిడే ఉన్నది.

1540-45 మధ్య పాలించిన షేర్ షా కాలపు సరాయిల స్వరూపాన్ని చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ వర్ణించాడు. రెండు క్రోసులకొకటి చొప్పున మొత్తం 1,700 సరాయిలు కట్టించారనీ, వాటిలో హిందువులకు, ముస్లింలకు వేర్వేరు వసతులు ఉండేవనీ, ద్వారాల వద్ద నీటి కుండలు ఉంచేవారనీ, మధ్యలో బావి, మసీదు ఉండేవనీ ఆయన రాశాడు. సంఖ్యలో కొంత అతిశయోక్తి ఉన్నా, నిర్మాణ క్రమం స్పష్టమే. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరిచిన ప్రాంగణం, అందులో బావి, రాత్రి మూసే ద్వారం. మన సత్రాల నమూనా కూడా దీనికి దూరమైనది కాదు. గది ఒక రాత్రికి ఒకరిది, ప్రాంగణం మాత్రం ఎల్లప్పుడూ అందరిదీ. సరాయి వాస్తుకు ప్రాణం ఈ విభజనే.

నేటి బేర్ సరాయ్‌లో సరాయి పేరులోనే వినిపిస్తుంది. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకొని నిలువునా పెరిగిన అంతస్తులు, కింది భాగాన పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాలు అక్కడి దృశ్యం. గ్రామ నివాస స్థలాన్ని పొలాల నుంచి వేరు చేస్తూ 1908 ప్రాంతంలో రెవెన్యూ పటాలపై గీసిన ఎర్ర గీతను లాల్ డోరా అంటారు. ఆ గీత లోపలి నిర్మాణాలకు 1963లో భవన నిబంధనల నుంచి మినహాయింపు లభించింది. సమీపంలో 1961లో ఐ.ఐ.టి., 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఏర్పడటంతో అద్దె గదులకు గిరాకీ పెరిగింది. పశువుల కొట్టం ఉన్నచోట గది లేచింది, గదిపై గది లేచింది.

ఇక్కడ ఒక విశేషం గమనార్హం. బేర్ సరాయ్ తన రూపాన్ని పోగొట్టుకున్నా, వృత్తిని పోగొట్టుకోలేదు. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివేవారు, పరిశోధక విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోతారు. వారిలో శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చిన తెలుగువారూ ఉంటారు. గుర్రం దిగిన వర్తకుడి స్థానంలో రైలు దిగిన విద్యార్థి వచ్చాడు. అంతే తేడా.

అయితే ఈ కొనసాగింపును చూసి మురిసిపోవడం తొందరపాటే అవుతుంది. సరాయిలో బాటసారికి ప్రాంగణం, బావి, గాలి, వెలుతురు హక్కుగా లభించేవి. నేటి అద్దె గదిలో అవి అదనపు సౌకర్యాలు. కిటికీ ఉన్న గదికి ఒక ధర, లేని గదికి మరొక ధర. అందరిదీ అయిన ప్రాంగణాన్ని ప్రతి గృహస్థూ తన గోడను ఒక జానెడు ముందుకు జరిపి మింగివేయడమే ఇందుకు కారణం. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. నిబంధన లేనిచోట ఉమ్మడి స్థలం నిలవదు.

ప్రభుత్వం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గాన్నీ అనుసరించింది. పురానా కిలా గోడల మధ్య ఇంద్రపత్ అనే గ్రామం ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల వరకు ఉండేది. బేర్ సరాయ్‌కి సమీపంలోని పద్నాలుగవ శతాబ్దపు బేగంపురీ మసీదులోనూ ఆ కాలం వరకు ఒక ఊరు కాపురం ఉన్నది. పరిరక్షణ పేరిట ఆ కుటుంబాలను బయటికి తరలించారు. రాళ్లు దక్కాయి. కాని ఆ రాళ్ల మధ్య తరతరాల జీవితానికి ఆనవాలు లేకుండా పోయింది. ఒకచోట మనుషులు మిగిలి కట్టడం పోయింది, మరొకచోట కట్టడం మిగిలి మనుషులు పోయారు.

ఈ రెండింటి మధ్య మార్గం లేదా? తాజ్‌మహల్‌పై అక్షరాలు తీర్చిన అమానత్ ఖాన్ 1640 ప్రాంతంలో పంజాబులో కట్టించిన సరాయి ఒక సమాధానం. దాని గోడల లోపల నేటికీ ఊరు ఉన్నది, పలకల అలంకారంతో ద్వారాలూ నిలిచి ఉన్నాయి.

రైల్వే స్టేషన్ల విషయంలో ఈ ప్రయోగం విస్తృతంగా జరిగిన దేశం బ్రిటన్. 1963లో బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లను మూసివేయాలని సూచించింది. ఆ తరువాత మూతపడిన అనేక పల్లె స్టేషన్లు నివాసాలయ్యాయి. వాటిలో వుల్ఫర్టన్ ప్రత్యేకమైనది. సాండ్రింగ్‌హామ్ రాజగృహానికి చేరువగా 1862లో తెరిచిన ఈ స్టేషనులో 1898లో రాజకుటుంబానికి విశ్రాంతి మందిరాలు కట్టారు. 1936లో ఐదవ జార్జి పార్థివ దేహం లండనుకు బయలుదేరినది ఇక్కడి నుంచే. 1969లో స్టేషను మూతపడింది. కొంతకాలం ప్రదర్శనశాలగా ఉండి, ఈ శతాబ్ది ఆరంభంలో ప్రైవేటు నివాసంగా మారింది. లోపలి మందిరాలలో కుటుంబం నివసిస్తున్నా, ప్లాట్‌ఫారం, కిరీటాలు అమర్చిన దీపస్తంభాలు, సిగ్నలు గది చెక్కుచెదరక దారిన పోయేవారికి కనిపిస్తాయి. పట్టాలు లేకున్నా, అది స్టేషనని చెప్పడానికి ఫలకం అవసరం లేదు.

ఈ మార్పిడి విజయానికి మూలం ఒక్కటే. గది గృహస్థుకు, ప్లాట్‌ఫారం లోకానికి. సరాయి పాటించిన విభజనే ఇది. లోపమూ లేకపోలేదు. అది రాజుల విశ్రాంతి మందిరం కనుక ఇంటి సౌకర్యాలు కట్టినప్పుడే అమరాయి, చట్టపు రక్షణ లభించింది, శ్రద్ధగల యజమానులు దొరికారు. సామాన్యుడు మూటపై తల పెట్టి నిద్రించిన చిన్న స్టేషనుకు అటువంటి అదృష్టం అరుదు.

భారతదేశంలో ఆ సామాన్య స్టేషన్లే ఎక్కువ. 1992లో ఏకరూప గేజి పథకం ప్రారంభమైన తరువాత మీటరుగేజి మార్గాలు మారుతున్న కొద్దీ అనేక పాత భవనాలు పనిలేనివయ్యాయి. నివాసానికి అవి అయోగ్యమైనవి కావు. మందమైన గోడలు, ఎత్తయిన కప్పు, పైన గాలి గవాక్షాలు, ముందు వరండా మన ఎండలకు తగినవే. స్టేషను మాస్టరు క్వార్టరు పక్కనే ఉండే ఆ ఆవరణకు కాపురం పరాయిదీ కాదు. వంటగది, మురుగు పారుదల, నీటి వసతి మాత్రం కొత్తగా కల్పించాలి. టికెట్ల కిటికీని పూడ్చకుండా, వెయిటింగు హాలును అడ్డుగోడలతో ముక్కలు చేయకుండా ఆ పని చేయడంలోనే వాస్తుశిల్పి నేర్పు తెలుస్తుంది.

అసలు చిక్కు యాజమాన్యంలో ఉన్నది. రైల్వే ఆస్తి ప్రభుత్వానిది. 2005 చట్ట సవరణ ద్వారా ఏర్పడిన రైల్వే భూమి అభివృద్ధి సంస్థ దృష్టి ప్రధానంగా భూమి విలువపైనే ఉంటుంది. ఆ లెక్కలో పాత భవనం ఆస్తి కాదు, అడ్డంకి. విక్రయించకుండా దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చి, ప్లాట్‌ఫారాన్ని, ముఖభాగాన్ని, సముద్రమట్టం ఎత్తు రాసిన పేరు పలకను మార్చరాదన్న షరతు విధిస్తే అడ్డంకి తిరిగి ఆస్తి అవుతుంది. షరతును ఉల్లంఘిస్తే కౌలు రద్దు కావాలి. లేనిచో ప్లాట్‌ఫారానికి కూడా బేర్ సరాయ్ ప్రాంగణానికి పట్టిన గతే పడుతుంది.

వాడుకలో ఉన్న స్టేషన్ల అనుభవం కూడా ఈ జాగ్రత్తనే సూచిస్తున్నది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను పాత రూపంతోనే నేటి ప్రయాణికులకు సేవ చేస్తున్నది. 1874 నుంచి రైళ్లను చూసిన సికింద్రాబాదులో పునర్నిర్మాణం కోసం పాత ముఖద్వార భవనాన్ని 2025లో కూల్చారు. నిత్యం వేలమంది కళ్లెదుట ఉన్న భవనానికే రక్షణ లేనప్పుడు, తుమ్మచెట్ల మధ్య తలుపులు ఊడిన చిన్న స్టేషనును ఎవరు కాపాడాలి? అందులో దీపం వెలిగించే ఒక కుటుంబమే కాపాడగలదు. ఆ కుటుంబానికి గడప ఇవ్వవచ్చు. బాటసారికి చెందిన అరుగును మాత్రం ఎవరికీ రాసి ఇవ్వరాదు.