పెద్ద ప్రశ్నల పుస్తకాల్లో చెంచులు

యాగంటికి వచ్చే జనం బసవన్న పెరిగాడా లేదా అని చూసుకుని, కోనేట్లో మునిగి, గుహలెక్కి దిగి వెళ్లిపోతారు. అదే బనగానపల్లె మండలంలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడికి యాత్రికులెవరూ పోరు. ఆ ఊరి నేలలో ఒక బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలికి కొట్టుకొచ్చి పడిన బూడిద అది. బోకులు తోమే పొడి కోసం జనం దాన్ని తవ్వి అమ్ముకున్నారు. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వి, ఆ పొర కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి, రెండూ పెద్ద తేడా లేకుండా ఉన్నాయి అని 2007లో 'సైన్స్' పత్రికలో రాసింది. అప్పట్నుంచి మనిషి ఆఫ్రికా నుంచి ఎప్పుడు కదిలాడు, ఏ దారిన వచ్చాడు అని చర్చించేవాళ్లు జ్వాలాపురాన్ని పక్కన పెట్టలేకపోతున్నారు. ఆ పనిముట్లు మనలాంటి మనుషులవే అని కొందరు, కాదు మనవాళ్లు వచ్చింది చాలా తర్వాత అని కొందరు. తగువు ఇంకా తెగలేదు.

రాళ్లు జవాబు చెప్పని చోట పండితుల చూపు కుందూ లోయ దాటి తూర్పుకు, నల్లమల మీదికి పోతుంది. అక్కడ మేమున్నాం. నేను చెంచును. నల్లమల గూడెంలో పుట్టి, టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేసి, ఇప్పుడు ఎర్రమల కింద ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. మనిషి ఎట్లా బతికాడు, సమాజం ఎట్లా కట్టుకున్నాడు అని అడిగే పుస్తకాలంటే నాకు ఇష్టం. తెలుగులో వచ్చినవి నేరుగా, ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతాను. వాటిలో మా పేరు తగిలినప్పుడల్లా ఆగిపోతాను. ఆ ఆగిన చోట్ల గురించే ఈ వ్యాసం.

మొదట ముక్కు కొలిచారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. చెంచులు రెండో సంపుటంలో ఉంటారు. ముక్కు ఎంత వెడల్పుంటే మనిషి అంత కింది మెట్టు అనుకునే కాలం అది. ఆ శాస్త్రం చచ్చిపోయింది. దాని అలవాటు చావలేదు. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినప్పుడు, ఒక తెగ మొత్తానికి ఒకే గుణం అంటగట్టవచ్చన్న ఆలోచన అప్పటికే పుస్తకాల్లో సిద్ధంగా ఉంది. ఎరుకల సోదరుల మీద ఆ చట్టం ఎట్లా పడిందో మీనా రాధాకృష్ణ 2001లో రాసిన పుస్తకంలో ఉంది. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా వ్యాపారం చేసుకునేవాళ్ల బతుకును రైలూ, సర్కారు ఉప్పు విధానమూ దెబ్బకొట్టాక, వాళ్లకు దొంగలని పేరు పెట్టి స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో కట్టడి చేశారు. మనలో ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం అది.

తర్వాత నెత్తురు తీశారు. చెంచుల, కోయల నమూనాలు పరీక్షించి 2003లో ఒక పరిశోధన వచ్చింది. 2009లో 'నేచర్' పత్రికలో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ వగైరాలు రాసిన దానిలోనూ చెంచులున్నారు. ఇక్కడొక తమాషా ఉంది. 2003 నాటి పరిశోధన తేల్చింది, ఈ దేశానికి తొలుత వచ్చినవాళ్ల వారసత్వం తెగల్లోనూ కులాల్లోనూ కూడా నిలిచి ఉందని. అంటే మా నెత్తురు ఎంత పాతదో ఊళ్లో రెడ్డిదీ, కంసాలిదీ అంతే పాతది. ఇది పత్రికల్లో పెద్ద అక్షరాల్లో రాలేదు. చెంచు అంటే నడిచే పురావస్తువు అన్న మాటే ఇప్పటికీ చెల్లుబాటవుతోంది.

ఇప్పటి పేరున్న పుస్తకాలు మమ్మల్ని తిట్టవు, పొగుడుతాయి. మార్షల్ సాలిన్స్ 1966లో షికాగో సదస్సులో, వేటా సేకరణా చేసుకునేవాళ్లదే మొదటి సంపన్న సమాజం అన్నాడు. తక్కువ కోరికలు, తక్కువ పని, ఎక్కువ తీరిక. తెలుగులోకి కూడా వచ్చిన 'సేపియన్స్'లో హరారీ దాన్నే ఇంకా గట్టిగా, వ్యవసాయం మనిషికి జరిగిన పెద్ద మోసం అన్నంత దూరం తీసుకెళ్లాడు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి ఎవరిదో చూడాలి. కుర్చీలో కూచుని ఆఫీసు పనితో విసిగినవాడికి అడవి మనిషి తీరిక మీద మనసు పోతుంది. మా పెద్దల ఎండాకాలపు ఆకలి, బీటు గార్డుకు ఇచ్చుకున్న తేనె, షావుకారు కాటాలో మాయమైన తపసి బంక ఆ లెక్కలోకి రావు. నిన్న మెట్టు కింద నిలబెట్టారు, నేడు స్వర్గంలో నిలబెట్టారు. రెండు చోట్లా మాకు వయసు పెరగదు. ఈ వరసలో గ్రేబర్, వెన్‌గ్రో కలిసి 2021లో తెచ్చిన 'ది డాన్ ఆఫ్ ఎవ్రీథింగ్' కొంచెం నయం. పాతకాలపు మనుషులు కూడా కూచుని వాదించుకుని, ఎట్లా బతకాలో తేల్చుకున్నవాళ్లే అని అందులో అంటారు. లావు పుస్తకం, ఓపిక కావాలి.

తేనె సంగతే తీసుకోండి. పెద్ద పుస్తకంలో 'తేనె సేకరిస్తారు' అని ఒక్క ముక్కలో పోతుంది. కొండ చరియకు పట్టు కట్టిన తేనె తియ్యాలంటే తాడు మీద కిందికి జారాలి. పైన ఆ తాడు పట్టుకునేది ఎవరు? బావమరిది. తాడు జారితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది గనక వాడు చెయ్యి వదలడు. సమాజం దేని మీద నిలబడుతుంది అని అడిగే పండితుడు ఆ తాడు దగ్గర ఒక పూట కూచుంటే చాలు.

అట్లా కూచున్న మనిషి ఒకడున్నాడు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టాడు. నాగాల మీద పరిశోధనకు వచ్చినవాడు, 1939లో యుద్ధం మొదలయ్యేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టు వల్ల హైదరాబాదు సంస్థానంలో చిక్కుబడ్డాడు. భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి ఎక్కి చెంచు పెంటల్లో ఉన్నాడు. 1943లో లండన్‌లో 'ది చెంచూస్' అచ్చయింది. అదే ఏడు తెలుగు తెరమీదికి 'చెంచులక్ష్మి' సినిమా కూడా వచ్చింది. ఆళ్లగడ్డ పక్కన అహోబిలం నరసింహస్వామి మా ఆడబిడ్డను పెళ్లాడిన కథ. రెండూ మా పేరు మీదే, రెండూ మేం చూడనివే.

ఆ పుస్తకంలో ఇద్దరు రచయితలున్నారు అనిపిస్తుంది. ఒకడు వియన్నాలో చదువుకున్న పండితుడు. చెంచులు సింహళపు వెడ్డాల లాంటి అతి పాత పొరకు చెందినవాళ్లా, మానవ సంస్కృతి తొలి మెట్టు ఇదేనా అని వెతుకుతాడు. ఆ భాగాలు పాతబడ్డాయి. రెండోవాడు పెంటలో మకాం పెట్టి, ఎవరు ఎవరితో తింటున్నారు, ఎవరు ఎవరి మీద అలిగి ఎక్కడికి పోయారు అని రాసుకున్న మనిషి. మండ్లి, చిగుర్ల, నిమ్మల, ఉడతనూరి, కాట్రాజు అని మా ఇంటిపేర్లు వరసగా కనిపిస్తాయి. గారెల మైసమ్మ కనిపిస్తుంది. ఒక్కో గుంపుకూ ఒక్కో అడవి ముక్క ఉందని, దాని హద్దులు అందరికీ తెలుసని, పెళ్లయిన జంట మొగుడి తావులోనైనా పెళ్లాం తావులోనైనా ఉండొచ్చని ఉంటుంది. ఆడామగా సమానంగా మసలడం ఆయన కళ్లను దాటిపోలేదు. ఈ భాగాలకు ఎనభై ఏళ్లు దాటినా చెదలు పట్టలేదు. పెద్ద ప్రశ్న మరిచిపోయిన పేజీల్లోనే ఆయన పెద్ద రచయిత.

నా ఫిర్యాదు ఇంకొకటి ఉంది. కొమురం భీం నేలకొరిగింది 1940లో. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదివాసుల వ్యవహారాల్లో వాడుకుంది. ఆదిలాబాదు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆయన చొరవే. బడిపంతులుగా ఆ ఒక్క పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. భూములు ఎట్లా పోయాయి, వడ్డీలు, అడవి శాఖ ఏం చేస్తోంది అన్న ఆయన నివేదికలు 1945లో వేరే పుస్తకంగా వచ్చాయి. లండన్ పండితులకు ఒక పుస్తకం, రెవెన్యూ శాఖకు ఒక పుస్తకం. మనిషి అంటే ఎవరు అన్నది అందులో, మనిషి దగ్గర ఏం లాక్కున్నారు అన్నది ఇందులో. ఈ రెండు ప్రశ్నలూ ఒకే అట్టల మధ్య ఉండాల్సినవి. 1982లో, ముసలితనంలో, మళ్లీ తిరిగి చూసి రాసిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో ఆయన రెంటినీ కలిపాడు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'మనుగడ కోసం పోరాటం' పేరుతో ఆయన్ను తెలుగులోకి తెచ్చింది. శైలిలో 1943 పుస్తకం అందమైనది. నన్నడిగితే రెండోదే గొప్పది.

విడదీసినందుకు నష్టం ఏమిటంటారా? పండితుల 'ఆదిమ' అన్న మాట మెల్లగా సర్కారు మాటయింది. 1975 తర్వాత చెంచులను ఆదిమ గిరిజన సమూహంగా జాబితాలో పెట్టారు. వ్యవసాయానికి ముందు స్థితి, తక్కువ అక్షరాస్యత, పెరగని జనాభా, ఇవీ గుర్తులు. 2006లో ఆ పేరు తీసేసి 'ప్రత్యేకంగా దుర్బలమైన' అన్నారు. మేం ఎందుకు దుర్బలమయ్యామో ఆ పేరులో లేదు. 1882 మద్రాసు అడవి చట్టం, 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రిజర్వు ఆ జాబితా గుర్తుల్లో ఉండవు. 'ఆదిమానవుడు' పాఠం చెప్పేటప్పుడు విల్లు పట్టుకున్న బొమ్మ చూసి పిల్లలు నా వైపు తిరిగి, "సార్, మీ తాత కూడా ఇట్లనే ఉంటుండెనా?" అంటారు. ఉండేవాడు, రేషన్ కార్డు కూడా ఉండేది అంటాను. నవ్వుతారు.

ఇప్పుడు ఆ పాత పుస్తకానికి కొత్త పని పడింది. 2006 అటవీ హక్కుల చట్టం మాలాంటి తెగలకు ఆవాస హక్కు ఇస్తుంది. ఇల్లొక్కటే కాదు, తిరిగిన, తవ్విన, మొక్కిన తావు అంతా. దాని నియమాల్లో రుజువులుగా చూపదగ్గ వాటిలో పరిశోధక గ్రంథాలూ, ఆచారాల మీది నమోదులూ ఉన్నాయి. అంటే ముక్కు కొలతలు, మెట్ల సిద్ధాంతాలు కాగితానికి పనికిరావు. ఏ గుంపుది ఏ వాగు దాకా అని పెంటలో కూచుని రాసుకున్న వాక్యం పనికొస్తుంది.

అయితే హైమన్‌డార్ఫ్ ఎక్కువగా ఉన్నది కృష్ణకు అవతలి అమ్రాబాద్ వైపు. ఇవతల బైర్లూటి, నాగలూటి, పెద్దచెరువు, ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి జనం నడిచి పోయే దారి పొడుగునా మా తావులున్నాయి. వాటి హద్దులు ఇంకా పెద్దవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. ఏ గుట్ట పేరేమిటి, ఏ చరియ తేనె ఎవరిది, ఏ గడ్డలు ఏ నెలలో ఎవరు తవ్వేది. గూడేల్లో పదో తరగతి దాటిన పిల్లలున్నారు. వాళ్ల చేతికి ఒక్కో నోటు పుస్తకం ఇచ్చి, ఈ వేసవిలో అవ్వల దగ్గరికి పంపుదామని మేం కొందరం పంతుళ్లం అనుకుంటున్నాం. మొదటి పేజీలో ఏ సిద్ధాంతమూ వద్దని చెప్పాం. గుట్టల పేర్లతో మొదలుపెట్టమన్నాం.