ఐనవోలు నుండి హనుమకొండ

ఐదక్షరాల ఇంగ్లీషు మాట కావాలి, అందులో ఫలానా అక్షరం ఫలానా చోట పడాలి. 2021లో వచ్చిన వర్డల్ ఆట ఆడినవాళ్లకు ఈ వెతుకులాట బాగా అలవాటు. గళ్లు ముందే ఉంటాయి, వాటిలో ఒదిగే మాట దొరకాలి. మన పద్యకవి వందల ఏళ్లుగా చేస్తున్న పనీ ఇదే. అయితే అతనికి దొరికిన మాట అర్థంలో కూడా ఒదగాలి, అటూ ఇటూ ఉన్న మాటలతో కలిసి నడవాలి. ఈ పనితనం చూడటానికి ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చాలు.

ముందు కొలత సంగతి. ఇంగ్లీషులో రాస్తే హనుమకొండకు 11 అక్షరాలు, తెలుగులో 5. పద్యం చూసేది పలకడానికి పట్టే కాలాన్ని. పొట్టిగా పలికేది లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘమైనా, సున్న ఉన్నా, వెంటనే ఒత్తక్షరం వచ్చినా గురువు, దానికి రెండు మాత్రలు. హ, ను, మ మూడూ లఘువులు, కొం గురువు, డ లఘువు. వెరసి 6 మాత్రలు. ఓరుగల్లులో ఓ గురువు, రు లఘువు, వెనకాలే ల్లు ఉంది కనుక గ గురువు, ఆ ల్లు లఘువు. అక్షరాలు నాలుగే అయినా మాత్రలు మళ్లీ ఆరే.

ఈ ఆరు మాత్రలు రెండు సమానమైన ముక్కలుగా విడిపోతాయి. మూడు లఘువులు వరసగా వస్తే న గణం, గురువు తర్వాత లఘువు వస్తే హ గణం. ఈ రెండింటినీ సూర్యగణాలంటారు. హనుమ న గణం, కొండ హ గణం. ఓరు, గల్లు రెండూ హ గణాలు. ఓరుగల్లు గుడిలోని భద్రకాళి పేరును, పాలకుర్తి, ఐనవోలు అనే ఊళ్ల పేర్లను ఇలాగే విడదీసి చూడండి, ప్రతిదీ రెండు హ గణాలే.

ఇక అక్షరం సంగతి. ఆటవెలది పద్యం రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ ఐదేసి సూర్యగణాలుంటాయి. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో చెలిమి చేయాలి. అదే యతి. ఇప్పుడు ‘ఐనవోలు నుండి హనుమకొండ’ అని పైకి అనండి. ఐన, వోలు, నుండి, హనుమ, కొండ: ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం హ తో మొదలైంది, పాదం ఐ తో మొదలైంది. అ, ఆ, ఐ, ఔలకు హ తో యతి చెల్లుతుంది. హ అనేది ఉత్త ఊపిరి, అచ్చు కూడా గొంతులోని ఊపిరి మీదే తేలుతుంది, అందుకే చెవి వాటిని చుట్టాలుగా గుర్తిస్తుంది. ఇది పక్కా ఆటవెలది పాదం. ఊరి పేరును కొందరు రాసినట్టు అయినవోలు అని రాసినా కొలత చెడదు. ఐ అనే ఒక్క గురువు అ, యి అనే రెండు లఘువులవుతుంది, హ గణం పోయి న గణం వస్తుంది, మాత్రలు మాత్రం అవే.

‘పాలకుర్తి నుండి భద్రకాళి’ కూడా ఇలాగే అతుకుతుంది. పా, భ రెండూ పెదవులు కలిస్తే పుట్టేవి, వాటి మీది అచ్చులూ ఒక గుంపువే.

ఊళ్ల పేర్లు ఇలా కుదరడం అదృష్టం. కవికి అదృష్టం చాలదు, మాటల కొట్టు కావాలి. పువ్వు ఒకటే, పేర్లు వేరు. తామర, పద్మము ఒకే తూకం, రెండూ గురువు తర్వాత రెండు లఘువులున్న భ గణాలే, మొదటి అక్షరాలు వేరు. తామర, తమ్మి ఒకే హల్లుతో మొదలవుతాయి, తూకాలు వేరు. కమలములో నాలుగూ లఘువులే. గణం ఏది కావాలి, యతికి ఏ అక్షరం కావాలి అని చూసుకుని కవి వీటిలో ఒకటి తీస్తాడు. సంస్కృతంలో అమరకోశాన్ని, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని చదువరులు కంఠస్థం చేసింది ఈ కొట్టు నింపుకోవడానికే.

కాకతీయుల కాలంలో పాల్కురికి సోమన ద్విపదను ఎంచుకున్నాడు. పాదానికి సూర్యగణాల కన్నా పెద్దవైన ఇంద్రగణాలు మూడు, సూర్యగణం ఒకటి. యతి మూడో గణం మొదట పడుతుంది, రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ఇన్ని ముళ్లు వేసుకుని బసవపురాణమంతా మాట్లాడినంత ధారగా నడిపాడు.

పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర. అక్కడి పోతన 15వ శతాబ్దంలో భాగవతాన్ని తెనిగించాడు. అందులో వాడిన ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, ఏది గురువో ఏది లఘువో ముందే ఖాయం, యతి 10వ అక్షరం. ‘బమ్మెర పోతన’ అనే పేరు రెండు భ గణాలు. ఉత్పలమాలలో సరిగ్గా 10వ అక్షరం నుంచి 15వ దాకా రెండు భ గణాలు పక్కపక్కనే వస్తాయి. ఆ పాదం ‘భాగవతంబు’ అని మొదలైతే భా కూ బ కూ యతి కుదురుతుంది. కావ్యం పేరు పాదం మొదట, కవి పేరు యతి స్థానంలో కూర్చుంటాయి.

గణాల లెక్క రానివాళ్లు కూడా ఆ భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యాలు చూడకుండా చదువుతారు. నడుమ ఒక మాట మరపున పడితే ఆగుతారు, పాదం మొదటి నుంచి మళ్లీ అందుకుంటారు. తప్పిపోయిన మాట ఎంత పొడవో లయ చెబుతుంది, ఏ అక్షరంతో మొదలవ్వాలో యతి చెబుతుంది, ఏమనాలో కథ చెబుతుంది. మాట తిరిగి నోట్లోకి వస్తుంది. కవి ఒకప్పుడు వెతికి తెచ్చిన దారినే చదివేవాళ్లు మళ్లీ నడుస్తారు, అందుకే ఇన్ని వందల ఏళ్లయినా ఆ మాటలు చోటు తప్పలేదు.