రెండు మాత్రల దూరం

బళ్ళో గణవిభజన ఒక ప్రశ్న, తాత్పర్యం ఇంకో ప్రశ్న. దేని మార్కులు దానివే. ఆ విడదీతతోనే నా పేచీ. భావం నడిచేది గణాల్లోనే అని నా నమ్మకం. వేమన ఉప్పు, కర్పూరం పద్యమే తీసుకోండి. అందరికీ నోటికొచ్చిందే కాబట్టి ఇక్కడ రాయను, మనసులో చదువుకుంటూ రండి.

అది ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడే మాత్రలు, ఇంద్రగణానికి నాలుగో అయిదో. ఒక పాదంలో బారలు చాపి, మరు పాదంలో అడుగు కుదించుకుంటుంది.

మొదటి పాదంలో మాటలు గణాల గట్లు దాటి పారతాయి. కర్పూరం రెండు గణాలకు సాగుతుంది, పోలిక రెండింటి మధ్య విరుగుతుంది. రెండూ ఒకేలా కనబడతాయని చెప్పే చోట గణాల హద్దులూ చెరిగిపోయాయి. రెండో పాదానికి వచ్చేసరికి అయిదు గణాలు, అయిదు విడిమాటలు! నాలుక మీద వేసుకుని తేడా చూసేది అక్కడే కదా, పద్యమూ ఆగి ఆగి ఒక్కో మాటా రుచి చూస్తుంది. యతికి బదులు ప్రాసయతి పడిందీ అక్కడే: ఒకటో, నాలుగో గణాల్లో రెండో అక్షరం ‘డ’. ప్రాసనియమం లేని పద్యంలో ఆ డకారం చెవికి ఎంత తృప్తో!

ఇక ‘వేరు’ సంగతి. రెండో పాదం చివర మూడు మాత్రల్లో తేలిపోయిన ఆ మాట, మూడో పాదం చివర ‘వేరయా’ అయి అయిదు మాత్రలకు పెరిగి దీర్ఘం మీద నిలుస్తుంది. వస్తువుల తేడాను పొట్టిగా తేల్చేసిన గొంతు, మనుషుల దగ్గరికొచ్చేసరికి సాగి పిలుపైంది. ఈ పద్యం రసమంతా నాకు ఆ రెండు మాత్రల్లోనే వినిపిస్తుంది. పైకి చదివి చూడండి, ‘యా’ దగ్గర గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

మకుటంలో నాలుగు హగణాలు, ఒకే ఒక్క నగణం. ఆ మూడు లఘువులూ పడింది సరిగ్గా యతిస్థానంలో, వినమని చెప్పే మాట మీద. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించకముందు వీటిని మోసింది తాటాకులూ, జనం నాలుకలూ. వినేవాణ్ణి తట్టి లేపే అలాంటి నగణం వాటికి ఎంత అవసరమో ఊహించండి.

వచ్చే వారం కందం. అందులో ఆరో గణం నలమో జగణమో అయి తీరాలి. ఆ పట్టుదల దేనికో పద్యం చదివే చూద్దాం.