మూల మీది ఇస్త్రీ బండి

మా వీధికి ఎట్టకేలకు కొత్త రోడ్డు పడింది. గుంతల మీద ఈ కాలమ్‌లో నేను పెట్టిన శోకాలన్నీ ఓపిగ్గా చదివిన పాఠకులకు ముందుగా ఈ శుభవార్త చెప్పాలి. తారు నల్లగా, నున్నగా ఉంది. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డుతో సమానంగా కూర్చున్నాయి. అదెంత వింతో హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు ఆరిన సాయంత్రం కాలనీ పిల్లలంతా సైకిళ్లేసుకుని దాని మీద పడ్డారు. వారం తిరక్కుండానే అంతా గేట్ల లోపలికి వెళ్లిపోయారు. మా రోడ్డు నునుపు సంగతి సిగ్నల్ తప్పించుకుందామని చూసే కార్లకూ, పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట చేర్చాల్సిన డెలివరీ కుర్రాళ్లకూ ఈలోపే తెలిసిపోయింది.

దానికి విరుగుడుగా ఈ వారం ఒక స్పీడ్ బ్రేకర్ వెలిసింది. ఎవరినడిగి వేశారో తెలీదు. ఎదురు ప్లాటులో స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటును మేస్త్రీ రాత్రికి రాత్రి రోడ్డుకడ్డంగా పోసి వెళ్లాడు. జానెడు వెడల్పు, ఇంచుమించు అంతే ఎత్తు. కడుపునిండిన కొండచిలువ పడుకున్నట్టుంది. ఇలాంటివాటి మీద నాకున్న పగ మీకు కొత్తేమీ కాదు.

స్పీడ్ బ్రేకర్‌కూ ఒక కొలత ఉంది మరి. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మన రోడ్లకు ప్రమాణాలు రాస్తుంది. దాని లెక్కలో మామూలు బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. అంటే బండి దాని మీదికి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి నడుము కదలకూడదు, దూకుడుగా వచ్చేవాడికే బుద్ధి రావాలి. మా కొండచిలువకు ఆ విచక్షణ లేదు. నిదానంగా స్కూటరు మీద మందుల షాపుకు వెళ్లే పెద్దాయననూ అదే కుదుపు కుదుపుతుంది.

అసలు తమాషా దాని చివర ఉంది. వాన నీళ్లు పోవడానికని అంచున మూరెడు సందు వదిలారు. సాయంత్రం వాకిట్లో నిలబడి చూడండి, బైకు అన్నది ఒక్కటీ బ్రేకర్ ఎక్కదు. దూరం నుంచే అంచుకు వాలి, వేగం తగ్గించకుండా ఆ సందులోంచి జారుకుంటుంది. సైకిలు మీద వచ్చే వాచ్‌మన్ కూడా అటే తిప్పుతాడు, లేకపోతే హ్యాండిల్‌కు తగిలించిన క్యారేజీలో పులుసు ఒలికిపోతుంది. నడిచేవాళ్లు ఎప్పుడూ అంచునే నడుస్తారు. అలా రోడ్డంతా చెదిరి ఉన్న ప్రమాదాన్ని తీసుకొచ్చి నడిచేవాడి కాళ్ల దగ్గర పోశాం.

సైకిలు మాట వచ్చింది కాబట్టి మా నాన్న రోజుల బెజవాడకు వెళ్లక తప్పదు. మా నాన్న ర్యాలీ సైకిలుకు ఒక రేకు బిళ్ల వేలాడుతుండేది. మున్సిపాలిటీకి పన్ను కట్టినట్టు అది గుర్తు. ఏడాది మారితే బిళ్ల మారాలి. రాత్రిపూట లైటు లేకుండా ఏలూరు రోడ్డెక్కితే పోలీసు ఆపేవాడు. డైనమో ఉండీ వేయకపోతే మరీ కోపం. డైనమోను టైరుకు ఆనిస్తే తొక్కుడు బరువెక్కుతుంది. అందుకని అందరూ దాన్ని పక్కకు వంచి పెట్టుకుని, పోలీసు టోపీ కనపడగానే కాలితో తన్ని ఆనించేవాళ్లు. లైటు గుడ్డిగా వెలిగి, ఆయన్ని దాటగానే మళ్లీ ఆరిపోయేది. డబుల్స్ ఎక్కితే మాత్రం మాటల్లేవు, వాల్‌ట్యూబు పీకి గాలి తీసేసేవాడు. గాంధీనగరంలో రెండో ఆట వదిలాక కాలువ వంతెన దగ్గర ఒక కానిస్టేబుల్ ఇదే పని మీద ఉండేవాడు. వెనక కూర్చున్నవాళ్లు వంతెన ఇవతలే దిగి, ఏమీ ఎరగనట్టు నడిచి, అవతల మళ్లీ ఎక్కేవాళ్లు. అవతల రెండో కానిస్టేబుల్ ఉండేవాడు.

ఆ పన్ను మీద మా నాన్న విసుక్కోగా నేనెప్పుడూ వినలేదు. బిళ్ల కట్టినవాడికి రోడ్డు మీద వాటా ఉన్నట్టే ఉండేది. ఆఫీసులు వదిలే వేళ రోడ్డంతా సైకిళ్లే. వెనక ఆర్టీసీ బస్సు హారన్ ఎంత మోగించినా సైకిళ్ల వేగంతోనే రావాలి. అప్పుడు ప్రమాదాలు లేవనే మాట నేననను. లారీ కింద నలిగిన సైకిలు చక్రాలు నేనూ చూశాను. అయితే లోపలి వీధుల్లో మాత్రం బండి ఎంత వేగంగా పోవాలో సైకిలే చెప్పేది. ఇప్పుడు మా వాచ్‌మన్ సైకిలుకు పన్ను లేదు, బిళ్ల లేదు, లైటేదని అడిగే పోలీసూ లేడు. ఇదంతా చెప్పేకంటే ఎవరి లెక్కలోనూ ఆయన లేడు అనడం సులువు.

లెక్కలోకి వచ్చిన సైకిలు వేరే ఉంది. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ, రాత్రి లైట్లు. చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే మా వాచ్‌మన్‌కు అటువైపు పనేమీ లేదు. ఆయన వెళ్లాల్సింది కిరాణా కొట్టుకు, కూతురి బడికి.

వీధి వీధికీ ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్ అడగబోతున్నానని ఈపాటికి మీరు ఊహించి ఉంటారు. మెయిన్ రోడ్ల మీద అడుగుతాను, గట్టిగానే అడుగుతాను. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నెత్తిన పెట్టుకుందాం. కానీ మా వీధి వెడల్పు 20 అడుగులు, అంటే ఆరు మీటర్ల చిల్లర. ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లుండాలి. రెండు పక్కలా వేస్తే మధ్యలో మిగిలేది రెండున్నర. కారు దూరితే పక్కన సైకిలుకు చోటుండదు. పైగా ఇంటింటికీ కారెక్కించే ర్యాంపు ఒకటి రోడ్డు మీదికి జారి ఉంటుంది. అందరూ ఒకే తారు మీద నడవక, తొక్కక, తోలక గత్యంతరం లేని వీధి ఇది. ఇక్కడ తేల్చాల్సిందల్లా వేగం.

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు పిల్లవాణ్ని చూసిన క్షణం నుంచి పూర్తిగా ఆగేసరికి సుమారు 13 మీటర్లు తీసుకుంటుంది. 50లో వస్తే 28 మీటర్లు. మా వీధిలో ఆ తేడా అంటే రెండు గేట్లు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చూస్తే మున్సిపల్ పరిధిలోని రోడ్ల మీద కార్ల గరిష్ఠ వేగం 70, బైకులకు 60! రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు. హెల్సింకీ నివాస వీధుల్లో చాలావాటికి 30 పెట్టుకుంది. 2019లో ఆ నగరంలో నడిచేవాళ్లు ఒక్కరూ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. మన దగ్గర బోర్డు పెడితే బోర్డు మీద పోస్టరు అంటిస్తారు, ఆ సంగతి నాకూ తెలుసు. వేగాన్ని రోడ్డే ఆపాలి.

ఇక ఇస్త్రీ బండి. మా వీధి మెయిన్ రోడ్డును కలిసే మూల మీద అది ఏళ్ల తరబడి ఉండేది. రోడ్డు వేసేటప్పుడు లేపారు. అదే అదనుగా అసోసియేషన్ సెక్రటరీ గారు మళ్లీ రానివ్వలేదు. ఆక్రమణల మీద నా రాతలు చదివి నన్నూ తన పక్షమే అనుకున్నారు, పాపం. బండి ఇప్పుడు వెనక గల్లీలో ఉంది. మొన్న బట్టలివ్వడానికి వెళ్తే ఆయన పెట్టెలో బొగ్గులు ఎగదోస్తూ అన్నాడు: "తొవ్వకు అడ్డమున్ననని లేపిన్రు సార్. నేనుండంగ కార్లు నిలబడి తిరుగుతుండె. ఇప్పుడు ఒక్కడన్న బ్రేక్ కొడుతున్నడా, సూడున్రి."

పోయి చూశాను. కొట్టడం లేదు. బండి పోయిన చోట కాంట్రాక్టరు మూలను విశాలంగా గుండ్రం తిప్పి తారు పోశాడు. మెయిన్ రోడ్డు మీది ఊపుతోనే కారు వీధిలోకి వచ్చేస్తోంది. బండి ఉన్నప్పుడు ఆ మలుపు ఇరుకు. డ్రైవరు దాదాపు ఆగి, తొంగి చూసి తిరిగేవాడు. మేం కాంక్రీటు పోసి సాధించలేని పనిని ఆయన నిప్పుల పెట్టెతో చేసేవాడు, నెలకో పైసా అడక్కుండా.

బండిని సరిగ్గా పాత చోటే పెట్టమని మాత్రం అనను. దాని టార్పాలిన్ చాటు నుంచి పిల్లవాడు బయటికొస్తే డ్రైవరుకు కనపడడు. మూలను రోడ్డులోకి కాస్త జరిపి, మోకాలికి మించని రాళ్ల కట్ట కట్టి, మలుపు బిగించాలి. బండిని దానికి నాలుగడుగులు వెనక, గోడవార నిలబెట్టాలి. దీనికయ్యేది ఒక ట్రాలీ రాళ్లు, రెండు బస్తాల సిమెంటు, మున్సిపల్ ఇంజినీరు గారి ఒక సంతకం. మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీది ఆక్రమణల విషయంలో నా మాట పాతదే, సెక్రటరీ గారు గమనించగలరు.

మీ కాలనీ మీటింగులో స్పీడ్ బ్రేకర్ తీర్మానం పెట్టే ముందు వీధి మొదట్లో ఒక పావుగంట నిలబడి, కార్లు ఎలా తిరుగుతున్నాయో చూడండి. మూల బిగించమని అర్జీ పెట్టండి. బ్రేకర్ తప్పదనుకుంటే 3.7 మీటర్లకు తగ్గకుండా, సందు వదలకుండా వేయించండి. అక్కడ ఇస్త్రీ బండి ఉంటే దాన్ని లేపించకండి.