నాగమ్మ ఖండన

ఎత్తిపోతలకి ఆ పేరెలా వచ్చిందంటే, యతుల తపోతలం అలా మారిందని చెప్తారు. జలపాతం ముందు నిలబడితే మాత్రం చంద్రవంకని ఎవరో ఎత్తి పోస్తున్నట్టే ఉంటుంది. ఏది నిజమో తేల్చమని ఎవరూ కోర్టుకెక్కరు. అదే పల్నాడులో పుట్టిన ఇంకో కథ అంత అమాయకమైంది కాదు.

పల్నాటి వీరగాథలో నాయకురాలు నాగమ్మ కోడిపందెంలో మోసం చేస్తుంది. 12వ శతాబ్దపు యుద్ధం, శ్రీనాథుడిదని చెప్పే ద్విపద, కారంపూడి వీరుల ఉత్సవాలు, 1947లోనూ 1966లోనూ వచ్చిన సినిమాలు (రెండోదాంట్లో భానుమతి వేసింది, చూడాల్సిందే). ఎక్కడ చూసినా ముద్దాయి ఆవిడే. బ్రహ్మనాయుడి వైపు నుంచి పాడిన కథ కదా! ఒక ఆడమనిషి గురజాలలో మంత్రాంగం నడపడమే అసలు నేరమేమో అని నా అనుమానం.

దీన్ని పరువునష్టం చట్టం పక్కన పెట్టి చదివాను. శిక్షాస్మృతి 499వ సెక్షన్ ప్రకారం, దగ్గరి బంధువుల మనసు నొప్పించాలని చనిపోయినవాళ్ల మీద నింద వేసినా నేరమే కావచ్చు. మొదటి మినహాయింపు ఇంకా చిత్రం: చెప్పింది నిజమైతే చాలదు, ప్రజాహితం కోసం చెప్పి ఉండాలి. నిజానికి కూడా పూచీకత్తు కావాలన్నమాట. 2016లో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. 2024 జులై నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. రెండేళ్ల జైలు అలాగే ఉంది, సమాజసేవ అనే శిక్ష కొత్తగా చేరింది.

ఈ చట్టం నాగమ్మ చేతికి అందదు. ఎవరికి అందుతుందో 2019 అక్టోబరు 30 నాటి జీవో 2430 చూస్తే తెలుస్తుంది. తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శాఖల కార్యదర్శులకి ఇచ్చింది. 2007లో జీవో 938 ఇదే పని చేయబోయి నిరసనలతో పక్కకి పోయింది. జీవోని ఒక రచనగా చదివితే దాని లోపం కథనంలోనే ఉంది. వార్త అబద్ధమని అనుకునేదీ, కేసుకి కదిలేదీ అదే శాఖ. ఓడిపోతే కార్యదర్శి జేబులోంచి పైసా పోదు. మండల విలేకరి మాత్రం గెలిచేదాకా వాయిదాలకి తిరగాలి. తిరగలేనివాడు తర్వాతి వార్త రాయడు, అంతే.

అదే జీవోలో ఖండనలు ఇవ్వమని కూడా ఉంది. అక్కడితో ఆగి ఉంటే నాకు పేచీ లేదు. నాగమ్మకి ఇన్ని వందల ఏళ్లుగా దొరకనిది అదే. వీరగాథని కోపంతోనే చదువుతాను కానీ ఆపమని అడగను. కోడిపందెం ఘట్టం పక్కన ఆవిడ ఖండన కూడా అచ్చయితే చదవాలని ఉంది.