అనిపించకపోయినా

కుంగుబాటులో ఉన్న మనిషిని ఎలా ఉందని అడిగితే తెలుగులో ముందుగా వచ్చే మాట ‘ఏమీ చేయాలనిపించడం లేదు’. ఈ వాక్యంలో ‘నేను’ లేదు. చేర్చాలన్నా ‘నాకు’ అనే చేర్చగలం. ఆకలి వేసినట్టు, నిద్ర పట్టినట్టు, అనిపించడమూ మనకు జరిగేదే. చేయడం అలా కాదు, దానికి ‘నేను’ కావాలి. మనసు కుదురుగా ఉన్న రోజుల్లో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి, ముందు అనిపించాలి, తరువాతే చేయాలి అని నమ్మేస్తాం. జబ్బు ఆ వరుసను చెడగొడుతుంది. అనిపించేదాకా ఆగిన మనిషి మంచం మీదే ఉండిపోతాడు. మనుషులు, వెలుతురు, చిన్న చిన్న సంతోషాలు దూరమవుతాయి. అవి దూరమైనకొద్దీ అనిపించడం ఇంకా అడుగంటుతుంది. ఈ సుడిలోంచి బయటికి దారి చేయడం వైపు నుంచే ఉందని, జబ్బు ఉన్నా నిండుగా బతకాలనుకునేవారు ముందుగా అలవరచుకోవలసిన సాధన ఇదేనని నా నమ్మకం.

ఈ నమ్మకానికి ఆధారం ఉంది. 1970ల్లో అమెరికాలో మనస్తత్వవేత్త పీటర్ లూయిన్‌సన్ కుంగుబాటును ఈ వైపు నుంచే చూశాడు. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం కుంగుబాటు ఉన్న 150 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆలోచనలను సరిదిద్దే పాఠాలేవీ లేకుండా, రోజువారీ పనులను తిరిగి అల్లుకోవడం మాత్రమే నేర్పింది. ఆ పాఠాలతో సహా పూర్తి చికిత్స పొందినవారికి ఎంత మేలు జరిగిందో, వీరికీ దాదాపు అంతే జరిగింది. ఈ పద్ధతికి బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు. మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం గోవాలో ఉంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందితో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, సంగత్ సంస్థ కలిసి చేసిన అధ్యయనం 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. సలహాదారులు డాక్టర్లు కారు, అంతకుముందు మానసిక వైద్యంలో శిక్షణే లేని స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని ఈ పద్ధతే నేర్పారు. మూడు నెలలకు, వారి సాయం అందినవారిలో 64 శాతం మంది జబ్బు హద్దు దాటి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 39 శాతం. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో కుంగుబాటు ఉన్నవారిలో నూటికి సుమారు 85 మందికి అప్పట్లో చికిత్సే అందలేదు. ఊళ్లో మనిషే ఊళ్లో మనిషికి నేర్పగలిగిన సాధన విలువ ఈ లెక్క పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

‘లేచి ఏదో ఒక పని చేసుకో, అదే పోతుంది’ అని పెద్దలు ఎప్పటినుంచో అంటున్నదే కదా అనవచ్చు. మాట ఒకటిగానే వినిపిస్తుంది, మోతాదు వేరు. ఇంట్లో మందలింపు ఆ మనిషిని బద్ధకస్తుడిగా చూసి, పనంతా ఒక్కసారే అడుగుతుంది. ఈ సాధన ముందు ఒక నోటుబుక్కు అడుగుతుంది. వారం పాటు ఏ గంటలో ఏం చేశారో, అప్పుడు మనసెలా ఉందో రాయాలి. అందులోంచి కాస్త ఊపిరాడిన గంటలేవో తేలతాయి. తరువాత ఒకే ఒక్క చిన్న పని, దానికో వేళ. సాయంత్రం 5 గంటలకు వీధి చివర టీకొట్టు దాకా నడక, అంతే. 5 అయ్యాక మనసును సంప్రదించకుండా చెప్పులు వేసుకోవాలి. వెళ్లలేకపోతే అది తప్పు కాదు. పని పెద్దదైందని అర్థం, రేపు గుమ్మం దాకా చాలు. మందలింపులో లేనిది ఈ ఓపికే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఆడవాళ్ల వైపు నుంచి వస్తుంది. తెల్లవారుజామున లేచి వంట, తరువాత నాట్లు, తిరిగొచ్చి పిల్లలు, గిన్నెలు. ఈమెకు చేయడం ఎక్కడ తక్కువైంది? తక్కువ కాలేదు. ఆమె నోటుబుక్కు నిండా పనులే ఉంటాయి, అందులో ఒక్కటీ ఆమె కోసం ఉండదు. ఇక్కడ సాధన అంటే ఒక పని తగ్గించి, ఆ చోట ఆమెకు ఇష్టమైనది ఒకటి పెట్టడం, అక్కతో అరగంట మాటలైనా సరే. దానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, గిన్నెలు ఇంకొకరు తోమాలి. గోవాలో సలహాదారులు ఇంటివాళ్ల ఆసరా కూడగట్టడం, ఇంటి చిక్కులు విప్పుకోవడం కూడా నేర్పింది ఇందుకే. ఈ భాగాన్ని వదిలేసి ‘చురుగ్గా ఉండండి’ అని ఆమెకు చెప్పడం అన్యాయం.

మందులు మానేసి నడిస్తే చాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చనిపోవాలన్న తలంపు వస్తుంటే టీకొట్టు నడక కోసం చూడకూడదు. డాక్టరు కావాలి. లేదా వెంటనే 14416కు, ప్రభుత్వ టెలీమానస్‌కు, ఫోను చేయాలి. బైపోలార్ జబ్బులో అయితే కథ తిరగబడుతుంది. ఉద్రేకం పెరిగిన రోజుల్లో అన్నీ చేయాలనిపిస్తుంది, అర్ధరాత్రి కొత్త వ్యాపారం మొదలుపెట్టాలనీ అనిపిస్తుంది. అప్పుడు అనిపించినా చేయకుండా ఆగడమే సాధన. చేయడం అనిపించడానికి లొంగకూడదన్న సూత్రం అక్కడా అదే. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ బృందం మందులు వాడుతున్న 175 మంది బైపోలార్ రోగులపై చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. జబ్బు తిరగబెట్టిన దశలో దినచర్యను కుదురుపరచుకోవడం నేర్చుకున్నవారికి మరో విడత రావడానికి ఎక్కువ కాలం పట్టింది. ఇలా దినచర్య రాసుకునే చిన్న కాగితంలో ఉండేవి ఐదు వేళలే: పక్క మీంచి లేచింది, మొదటి మనిషితో మాట్లాడింది, పని మొదలుపెట్టింది, రాత్రి భోంచేసింది, పడుకుంది.